పెట్టెలో దాచిన పట్టుకారు

1813లో ఇంగ్లండులోని వుడ్‌హామ్ మార్టిమర్ అనే పల్లెలో, ఒక పాత బంగళా పైఅంతస్తు నేలచెక్కలు లేపి చూస్తే కింద ఒక పెట్టె బయటపడింది. అందులో పాత ఉత్తరాలు, కొన్ని చిల్లర వస్తువులు, ఎవరో ఇల్లాలు కాగితంలో భద్రంగా చుట్టిపెట్టుకున్న భర్త ఆఖరి పన్ను ఉన్నాయి. వాటితోపాటే కొన్ని ఇనుప పట్టుకార్లు! అవే ఫోర్సెప్స్. ఆ ఇల్లు ఒకప్పుడు చాంబర్లెన్ అనే వైద్య కుటుంబానిది. అడ్డం తిరగకుండా, తల కిందికి దిగి కూడా బయటికి రాలేక చిక్కుకున్న బిడ్డను ప్రాణాలతో తీసే ఈ పనిముట్టు వాళ్ళ చేతిలో నూరేళ్ళకు పైగా ఉంది. తండ్రి కొడుక్కి చెప్పాడు గాని ఊరికి చెప్పలేదు. దాన్ని పెద్ద పెట్టెలో పెట్టుకొచ్చేవారనీ, తల్లి కళ్ళకు గంతలు కట్టేవారనీ చెబుతారు. 1670లో ఆ ఇంటి హ్యూ చాంబర్లెన్ రహస్యాన్ని అమ్ముదామని పారిస్ వెళ్ళాడు. అక్కడి వైద్యుడు మోరిసో, కటి ఎముకలు బాగా ఇరుకైన ఒక స్త్రీని చూపించి కాన్పు చేయమన్నాడు. మూడు గంటలు పెనుగులాడినా కాలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఈ పనిముట్టు రహస్యంగా దాగి ఉన్న నూరేళ్ళలో ఎన్ని వాకిళ్ళలో ఎందరు తల్లులు వృథాగా పోయారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

18వ శతాబ్దంలో ఆ రహస్యం బయటపడింది. లండన్‌లో విలియం స్మెల్లీ దాన్ని బాగుచేసి, బొమ్మల మీద చూపిస్తూ ఎందరికో నేర్పాడు. ఈ పట్టుకారుకు రెండు వంపులుంటాయి. ఒకటి బిడ్డ చెంపలకు, ఇంకొకటి తల్లి కటికి సరిపోతుంది. రెండు రెక్కలనూ ఒక్కొక్కటిగా లోపలికి జార్చి, తర్వాత జత కలుపుతారు. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని, ఉమ్మనీరు పోయి, తల కిందికి దిగి ఉండాలి. అప్పుడైనా నొప్పి వచ్చినప్పుడే లాగాలి. పక్కన ‘ముక్కమ్మా, ఇంకొక్కసారి ముక్కు తల్లీ’ అనే గొంతు ఉండాల్సిందే. సగం బలం డాక్టరుదైతే సగం తల్లిది.

వాడకపోవడం వల్లా అనర్థం జరిగింది. 1817లో బ్రిటన్ యువరాణి షార్లెట్ దాదాపు 50 గంటలు నొప్పులు పడింది. పురుడు పోసే రిచర్డ్ క్రాఫ్ట్ పనిముట్టు ముట్టలేదు. మగబిడ్డ చనిపోయి పుట్టాడు, కొన్ని గంటలకే ఆమె కన్నుమూసింది. కొన్ని నెలలకు క్రాఫ్ట్ తుపాకీతో కాల్చుకున్నాడు. వారసుల కోసం రాజుగారి కొడుకులు హడావుడిగా పెళ్ళిళ్ళు చేసుకోగా, 1819లో పుట్టిన బిడ్డే విక్టోరియా.

‘వాక్యూమ్ పెట్టి తీశారు’ అనే మాట ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ వినిపిస్తుంది. ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1849లోనే గాలి పీల్చే పరికరంతో ప్రయత్నించాడు. అది నిలదొక్కుకున్నది మాత్రం 1950లలో, స్వీడన్‌కు చెందిన మాల్మ్‌స్ట్రోమ్ లోహపు కప్పుతో. కప్పు పట్టిన చోట తల కాస్త పైకి ఉబ్బుతుంది. ఫ్రెంచి భాషలో దాన్ని ‘షినాన్’ అంటారు, అంటే కొప్పు! కానీ అది చూసిన అమ్మమ్మకు గుండె ఆగినంత పనవుతుంది. ఒక వార్డులో నేను విన్న మాటలు:

“సిస్టరమ్మా, తలేంటి ఇట్లా సాగింది?”

“రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది పెద్దమ్మా. నూనె పెట్టి మాత్రం నొక్కొద్దు.”

ఆ రెండో మాటను ప్రతి ఇంటికీ చేర్చాలనిపించింది. మనవాళ్ళకు తల గుండ్రంగా రావాలని ఒత్తే అలవాటుంది కదా. నెల తక్కువ పిల్లల్లో 34 వారాలు నిండనివారికి వాక్యూమ్ వాడకూడదు.

అర్జెంటీనాలో హోర్హే ఓడోన్ అనే కార్ల మెకానిక్, సీసాలో పడ్డ బిరడాను ప్లాస్టిక్ సంచీతో బయటికి లాగే చిట్కా చూసి, అదే తీరులో బిడ్డను తీసే పరికరం ఊహించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఆలోచనను గుర్తించి పరీక్షలకు చేయూతనిచ్చింది.

తల్లి సంగతి తరచూ మరిచిపోతాం. 2019లో బ్రిటన్‌లో వెల్లడైన పరిశోధన ప్రకారం పట్టుకారుతోనో వాక్యూమ్‌తోనో కాన్పు అయిన ఆరు గంటల్లోపు ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్క సూది!

ఇక బిడ్డ. పుట్టగానే తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరచడం సినిమాల్లో చూస్తాం. నిజానికి పొడిగుడ్డతో గట్టిగా తుడిచి వీపు రుద్దితే చాలామంది పిల్లలు కేరుమంటారు. ఏడవకపోతే నిమిషంలోపే మాస్కు పెట్టి గాలి కొట్టాలి. ఆ నిమిషాన్నే బంగారు నిమిషం అంటారు. న్యూయార్క్‌లో మత్తు డాక్టరు వర్జీనియా ఆప్గార్, పుట్టిన బిడ్డ ఎలా ఉందో తేల్చడం ఎలాగని ఒక విద్యార్థి అడగ్గానే చేతికందిన కాగితం మీద అయిదు గుర్తులు రాసి ఇచ్చింది: గుండె వేగం, ఊపిరి, ఒంటి బిగువు, తాకితే స్పందన, రంగు. ఒక్కోదానికి రెండు మార్కులు. పదికి పది రావడం అరుదు, ఎందుకంటే కాళ్ళూ చేతులూ కాసేపు నీలంగానే ఉంటాయి.

బొడ్డుతాడును వెంటనే కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగితే మాయలో ఉన్న బిడ్డ రక్తం బిడ్డకే చేరుతుంది. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది పైసా ఖర్చులేని ఐరన్ మందు. ఒంటి మీది వెన్నలాంటి పూతను కడిగేయకుండా స్నానం 24 గంటలు ఆపమంటున్నారు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు బుల్లి పిల్లలను తల్లి గుండెలకే కట్టించాడు. అదే కంగారూ సంరక్షణ.

ఆవు ఈనితే జున్ను కోసం వీధంతా ఎదురుచూస్తాం. అదే తల్లి ముర్రుపాలను పిండి పారబోసి, బిడ్డ నోట్లో తేనె నాకించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి మానండి.

మళ్ళీ కాన్పు సంగతికి వస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5. ప్రాణం మీదికొచ్చినప్పుడు కోత వరమే. కానీ పట్టుకారు, కప్పు వాడే నేర్పు చేతుల మీదుగా చేతులకు రావాలి. చేయడం తగ్గితే నేర్పేవాళ్ళూ తగ్గిపోతారు.

పుట్టిన బిడ్డకూ ఒక నేర్పు ఉంది. తల్లి పొట్ట మీద పడుకోబెడితే, కాళ్ళతో తన్నుకుంటూ తానే పాకి రొమ్ము చేరుకోగలదు. దారి చూపేది వాసన. కొందరు తల్లులకు ఒక రొమ్మును కడిగి, ఇంకోదాన్ని వదిలేసి చూశారు. 30 మంది పిల్లల్లో 22 మంది కడగని వైపే వెళ్ళారు. అందుకే బిడ్డ ఒళ్ళంతా తుడిచినా, ఉమ్మనీటి వాసన అంటిన ఆ చిట్టి చేతులను మాత్రం తుడవరు.