దారి తప్పిన దరఖాస్తులు: సంఘం వెబ్‌సైట్‌లో లింకులు సరిచూసుకోవడం ఎలా?

పదో తరగతిలో తెలుగు చదివే పిల్లలకు మా సంఘం ఇచ్చే చిన్న ఉపకార వేతనానికి ఈసారి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పిలిచాం. నాలుగు రోజులైనా ఒక్కటీ రాలేదు. కార్యవర్గ సమావేశంలో "మన హోసూరు పిల్లలకు తెలుగు మీద మక్కువ పోయింది" అని పెద్దలు నిట్టూర్చారు. మేమూ తలూపాం. ఐదో రోజు ఒక తల్లి ఫోన్ చేసి, "అయ్యా, మా అమ్మాయి దరఖాస్తు అందిందా అండీ? పంపు అని నొక్కితే మళ్ళీ ఖాళీ ఫారమే వచ్చింది" అన్నారు. తప్పు మా సైట్‌లోనే ఉందని అప్పుడు తెలిసింది.

సైట్‌ను మన కుర్రవాడొకడు జాంగో అనే ఉచిత ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిచ్చాడు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టిన జాంగో 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ కుర్రవాడి పక్కన కూర్చుని మేము నేర్చుకున్నది తోటి సంఘాలకు పనికొస్తుందని రాస్తున్నాం. చదవడానికి వీలుగా చిరునామాలను తెలుగులోనే ఇస్తున్నాం.

తపాలు గుమాస్తా పద్ధతి

ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ తపాలు గుమాస్తా చూసి ఏ సెక్షన్‌కు పంపాలో రాస్తాడు. జాంగోలో ఆ పని చిరునామాల జాబితాది. వచ్చిన చిరునామాను జాబితాలో పైనుంచి కిందికి పోల్చి, మొదట సరిపోయిన వరుస దగ్గరే ఆగిపోతుంది. ఏదీ సరిపోకపోతే 404 అంటుంది.

ఒకటి: ముందు గీత

ఖర్చు తగ్గుతుందని మేము సైట్‌ను సొంత చిరునామా నుంచి వేరే చిరునామా కింద "/సంఘం/" అనే భాగంలోకి మార్చాం. పాత లింకులు "/దరఖాస్తు/" అని ఉన్నాయి. గీతతో మొదలైన లింకు ఎప్పుడూ సైట్ మొదటి నుంచే వెళ్తుంది కాబట్టి మధ్యలో "/సంఘం/" తప్పిపోయి 404 వచ్చింది. గీత లేకుండా "దరఖాస్తు/" అని రాస్తే అది ఉన్న పేజీని బట్టి మారుతుంది. "/సంఘం/పిల్లలు/" పేజీలో నొక్కితే "/సంఘం/పిల్లలు/దరఖాస్తు/"కు పోతుంది. అదే పేజీ చివర గీత లేకుండా తెరిస్తే "/సంఘం/దరఖాస్తు/"కు పోతుంది. అందుకే లింకును చేత్తో రాయకూడదు. జాబితాలో ప్రతి వరుసకూ ఒక పేరు పెట్టి, ఆ పేరుతో జాంగో చేతనే చిరునామా రాయించాలి. సైట్ ఏ భాగం కింద ఉందో సెట్టింగులలో ఒకసారి చెబితే లింకులన్నీ సర్దుకుంటాయి.

రెండు: వరుస క్రమం

మా జాబితాలో "ఏ ఊరి పేరైనా" అనే వరుస పైన, "దరఖాస్తు" వరుస కింద ఉన్నాయి. దాంతో జాంగో "దరఖాస్తు" అనే ఊరి కోసం వెతికి, లేదని 404 ఇచ్చింది. నిర్దిష్టమైనవి పైన, ఏదైనా పట్టేవి కింద ఉండాలి.

మూడు: చివరి గీత

దరఖాస్తులను మింగింది ఇదే. పై రెండూ సరిచేశాక ఫారం తెరుచుకుంది. కానీ దాన్ని పంపే చిరునామా చివర గీత మరిచారు. గీత లేకపోతే జాంగో దాన్ని చేర్చి "ఇటు వెళ్ళండి" అని 301తో మళ్ళిస్తుంది. పేజీ చూడటానికి వచ్చినవారికి దీనివల్ల ఇబ్బంది లేదు. ఫారం పంపినప్పుడు మాత్రం బ్రౌజర్ కొత్త చిరునామాకు ఖాళీ చేతులతో వెళ్తుంది. నింపినదంతా పోయి, ఖాళీ ఫారం కనిపిస్తుంది. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు.

ఎలా పట్టుకోవాలి?

ముందు సర్వర్ లాగ్ చూడాలి. అది మన ఇన్వర్డ్ రిజిస్టర్ లాంటిది. మా లాగ్‌లో ఫారం పంపిన ప్రతిసారీ 301, వెంటనే మామూలు పేజీ తెరిచినట్టు 200 కనిపించాయి. అంకెలను బట్టి జబ్బు తెలుస్తుంది. 404 అయితే చిరునామా గానీ, అడిగిన వస్తువు గానీ లేదు. 405 అయితే చిరునామా సరైనదే, పంపిన పద్ధతి తప్పు. 403 అయితే అనుమతి లేదు, ఫారంలో భద్రతా గుర్తు మరిచినా ఇదే వస్తుంది. 500 అయితే ప్రోగ్రాం లోపలే తప్పు.

సొంత కంప్యూటర్‌లో డీబగ్ పెట్టి నడిపితే, ఏ వరుసకూ సరిపోని చిరునామాకు జాంగో ఏయే వరుసలు పోల్చి చూసిందో వరసగా చూపిస్తుంది. గీత మరిచిన ఫారాన్ని కూడా అక్కడే ఆపి చెబుతుంది. జనం వాడే సైట్‌లో మాత్రం డీబగ్ తీసేయాలి, లేకపోతే లోపలి వివరాలు బయటపడతాయి.

పోయిన దరఖాస్తులు తిరిగి రాలేదు. లాగ్‌లో సమయాలు ఉన్నాయి గానీ పిల్లల పేర్లు లేవు. గడువు రెండు వారాలు పెంచి, బడి బడికీ ఫోన్ చేసి, జరిగింది చెప్పి, మళ్ళీ నింపమని కోరాం. సమావేశంలో పిల్లల గురించి అన్న మాటను మినిట్స్‌లో వెనక్కి తీసుకున్నాం. తోటి సంఘాలకు మా మనవి ఒక్కటే: ప్రకటన ఇచ్చే ముందు ఒక మామూలు ఫోన్‌లో ఫారం నింపి పంపండి, అది మీ రిజిస్టర్‌లోకి ఎక్కిందో లేదో చూసుకోండి.