ఇంటర్వ్యూ గది ముందు గుండె దడ



రాత పరీక్షకు రాత్రింబవళ్లు చదివే మనవాళ్లు ఇంటర్వ్యూ లెటర్ చేతికి వచ్చిన రోజు నుంచి సరిగ్గా అన్నం తినరు. పుస్తకానికి భయపడని పిల్లవాడు నలుగురు పెద్దమనుషుల ముందు కుర్చీలో కూర్చోవాలంటే వణుకుతాడు. పెద్దకొడప్‌గల్ నుంచి బస్సెక్కి పోయిన మా అందరికీ ఇది అనుభవమే. అందుకే పూర్వ విద్యార్థులుగా మేము ఈ సంచికలో ఈ విషయమే రాయాలనుకున్నాం.

ముందు ఒక మంచి మాట. ఇప్పుడు చాలా ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే లేవు. కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి, గ్రూప్-డి పోస్టులకు, గెజిటెడ్ కాని గ్రూప్-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి తీసేసింది. మన రాష్ట్రంలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో ఎత్తేశారు. బ్యాంకు క్లర్కుకూ లేదు. బ్యాంకు పీవో, సివిల్ సర్వీసులు, ప్రైవేటు కంపెనీలు, వీటికి మాత్రం తప్పదు. అక్కడైనా దాని బరువెంతో లెక్క చూడండి. ఐబీపీఎస్ పీవో ఎంపికలో మెయిన్స్‌కు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులైతే ఇంటర్వ్యూవి 275. ఆ గది తలుపు దాకా వచ్చామంటే చాలా దూరం నడిచి వచ్చినట్టే. అలాగని తేలిగ్గా తీసుకోమని కాదు. ఐదారు మార్కుల తేడాతో ఉద్యోగం చేజారినవాళ్లు మనలో ఉన్నారు.

ఇక భయం సంగతి. పేరు పిలిచేముందు గుండె దడదడ కొట్టుకుంటుంది, నోరు ఎండుకపోతుంది, అరచేతులకు చెమట పడుతుంది, కడుపులో తిప్పినట్టు ఉంటుంది. ఇది రోగం కాదు, పిరికితనమూ కాదు. ఆపద వచ్చిందనుకుని శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. గుండె వేగం పెంచి, కడుపుకు పోయే రక్తాన్ని తగ్గించి కండరాలకు పంపుతుంది. చేను గట్టు మీద పాము కనబడితే ఎగిరి దూకే శక్తి మనకు అక్కడి నుంచే వస్తుంది. ఇంటర్వ్యూ గదిలో పాము లేదని శరీరానికి తెలియదు, అంతే. కాబట్టి దడను పూర్తిగా ఆపాలని చూడకండి, ఆగదు. ఊపిరి మెల్లగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చడం, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. అయితే ఆ రోజే మొదలుపెడితే లాభం లేదు, పది రోజుల ముందు నుంచి అలవాటు చేసుకోవాలి.

మేము చూసినంతలో, మన పిల్లల భయంలో సగం మాత్రమే ప్రశ్నల భయం. మిగతా సగం వేరు. 'నేను ఎక్కడి నుంచి వచ్చానో వీళ్లకు తెలిసిపోతుందేమో' అన్న భయం అది. హాస్టల్లో చదివిన సంగతి, అమ్మ కూలికి పోయే సంగతి, ఇంగ్లీషులో తడబడే సంగతి. ఇవి దాచాలనుకున్నప్పుడు మనిషి రెండు పనులు చేయాల్సి వస్తుంది. ఒకవైపు జవాబు చెప్పాలి, ఇంకోవైపు కాపలా కాయాలి. కాపలా కాసేవాడికి జవాబు ఎట్ల వస్తుంది? 'మీ నాన్నగారు ఏం చేస్తారు?' అని అడిగితే 'బిజినెస్' అని చెప్పి, 'ఏం బిజినెస్?' అన్న రెండో ప్రశ్నకు తల దించుకున్నవాళ్లను మేము ఎరుగుదుం. 'మా నాన్న వ్యవసాయ కూలీ సార్, నేను ఐదో తరగతి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివాను' అని సూటిగా చెబితే రెండో ప్రశ్న మీ చదువు మీదికి వస్తుంది. హాస్టల్లో ఏం నేర్చుకున్నావంటే చెప్పడానికి మనకు లేనిదా? వందమందితో కలిసి ఉండటం, ఒక్క బల్బు కింద పదిమంది చదవడం, నీళ్లు రాని రోజు లైన్ సర్దడం. ఇవన్నీ కంపెనీ వాళ్లు పెద్ద పెద్ద పేర్లు పెట్టి వెతుకుతున్న గుణాలే!

ఇంకో విషయం. మన వణుకు ఎదుటివాళ్లకు మనం అనుకున్నంత కనబడదు. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. కొందరు విద్యార్థులతో ఉపన్యాసం చెప్పించారు. లోపలి కంగారు తాము భయపడినంతగా బయటికి తెలియదని కొంతమందికి ముందే చెప్పారు. అట్ల చెప్పించుకున్నవాళ్లే మిగతావాళ్లకన్నా మెరుగ్గా మాట్లాడారు. మందు లేదు, మాకు లేదు, ఒక్క నిజం తెలియడమే. చేతులు వణికితే ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకోండి. గొంతు మొదటి వాక్యంలో వణుకుతుంది, మూడో వాక్యానికి సర్దుకుంటుంది.

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మనది మూడు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గరి ప్రాంతం. ఇంట్లో తెలుగు, సంతలో మరాఠీ, అంగట్లో ఉర్దూ, అటు పక్క చుట్టాలతో కన్నడం మాట్లాడేవాళ్లు మన హాస్టల్లోనే కనబడతారు. అయినా ఇంగ్లీషు ఒక్కటి రాదని నాకు భాషే రాదన్నట్టు కుంగిపోతాం. శ్రీకాకుళం జిల్లా పలాస మండలం పారసంబ గ్రామానికి చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే సివిల్స్ మెయిన్స్ రాసి, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చారు. బోర్డు ప్రశ్నలకు, ఆయన జవాబులకు మధ్య దుబాసీ ఉన్నాడు. 2016 సివిల్స్‌లో ఆయనకు దేశంలో 3వ ర్యాంకు వచ్చింది. అప్పటికి ఆయన ప్రభుత్వ పాఠశాల టీచర్. ఈ సౌకర్యం అన్ని ఉద్యోగాలకూ ఉండదు, ప్రైవేటు కంపెనీలో ఇంగ్లీషు తప్పదు. అక్కడ చిన్న వాక్యాలు చాలు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు. అర్థం కాకుండానే తల ఊపడం తప్పు.

మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ మీ గురించి, మీ ఊరి గురించే. తెలిసిన ప్రశ్నకే తెల్లముఖం వేయడం మనవాళ్లకు అలవాటు, ఎందుకంటే సొంత ఊరి గురించి ఎవరూ చదవరు. చదవండి. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనలో నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా వేరుపడింది, పెద్దకొడప్‌గల్ మండలమైంది. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ నంబరు జాతీయ రహదారి మన పక్క నుంచే పోతుంది. మంజీర నది మీద నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజినీరు. జుక్కల్ వైపు పోతే కౌలాస్ కోట. మీ మండలంలో సోయా ఎందుకు వేస్తున్నారు, చెరకు ఎందుకు తగ్గింది లాంటివి మీ నాన్నను అడిగి తెలుసుకోండి. బోర్డులో కూర్చున్న పెద్దాయనకు ఇవి తెలియవు. ఆ రెండు నిమిషాలు మీరు చెప్పేవారు, ఆయన వినేవాడు. దడ తగ్గేది అక్కడే.

సాధన గట్టిగా చేయాలి, అంటే గొంతు విప్పి. మనసులో చెప్పుకున్న జవాబు నోటికి రాదు. స్టడీ అవర్ అయిపోయాక నలుగురు బోర్డుగా కూర్చోండి, ఒకణ్ణి బయట నిలబెట్టి పేరు పెట్టి పిలవండి. తలుపు తట్టడం, అనుమతి అడగడం, కూర్చోమనేదాకా నిలబడటం, అన్నీ జరగాలి. నవ్వుకోండి, ఫర్వాలేదు, మూడో రోజుకు నవ్వు ఆగిపోతుంది. తరువాత కొత్త ముఖాల ముందు చేయండి. స్కూలు హెడ్మాస్టరును, బ్యాంకు మేనేజరును ఒక్క అరగంట అడిగితే కాదనరు. ఇరవైసార్లు చేసిన పనికి శరీరం ఆపద అనుకోదు.

తెలియని ప్రశ్నకు 'తెలియదు సార్' అనండి, అని ఊరుకోండి. దానికి సాకు చెప్పవద్దు.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయితే అదే రోజు పొద్దుగాల బస్సెక్కవద్దు, ముందు రోజే పోయి ఆ ఆఫీసు గేటు చూసి రండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, రెండేసి జిరాక్సులు రాత్రే సంచిలో పెట్టుకోండి. కొత్త చెప్పులు ఆ రోజు మొదటిసారి వేసుకోవద్దు. ఖాళీ కడుపుతో పోవద్దు, టీ మాత్రం ఎక్కువ తాగవద్దు, దడ పెంచుతుంది. వరండాలో కూర్చున్న మిగతా అభ్యర్థుల ఇంగ్లీషు వింటూ కూర్చోవద్దు. వాళ్లు కూడా భయానికే మాట్లాడుతుంటారు.

బయటికి రాగానే టీ కొట్టు దగ్గర కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆ రాత్రి దాటితే సగం మరిచిపోతారు. దాని జిరాక్స్ ఒకటి మన హాస్టల్‌కు పంపండి. వచ్చే సంవత్సరం పోయేవాడు దాన్ని ముందు పెట్టుకుని మీరిచ్చిన జవాబు కంటే మంచి జవాబు తయారు చేసుకుంటాడు.