చింతగింజలతో పులుల లెక్క

జనాభా లెక్కలు తీసేవారు ఇంటింటికీ వచ్చి తలుపు తడతారు. మరి అడవిలో పులులను ఎలా లెక్కపెడతారు? పులికి ఇల్లూ లేదు, తలుపూ లేదు. మనిషి అలికిడి వింటే చాటుకు పోతుంది. అయినా లెక్కపెట్టవచ్చు. ఎలాగో మీరే చేసి చూడండి.

ఒక కుండలో చింతగింజలు పోయండి. ఎన్ని పోశారో చూడకండి. వాటిలో 20 గింజలకు సున్నపు బొట్టు పెట్టి, ఆరిన తరువాత మళ్ళీ కుండలో వేసి బాగా కలపండి. ఇప్పుడు కళ్ళు మూసుకుని 30 గింజలు తీయండి. వాటిలో 6 బొట్టు గింజలు వచ్చాయనుకుందాం. అంటే ప్రతి 5 గింజలకు 1 బొట్టు గింజ అన్నమాట. బొట్టు గింజలు మొత్తం 20 గదా! కాబట్టి కుండలోని గింజలన్నీ ఇంచుమించు 100 వుండాలి.

పులికి బొట్టు ఎవరు పెడతారంటారా? అక్కరలేదు. దాని చారలే దాని గుర్తు. మన వేలిముద్రల వలెనే, ఏ రెండు పులుల చారలూ ఒక్క తీరుగా వుండవు. ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. అందుకే అడవిబాటకు ఇరువైపులా ఎదురెదురుగా కెమెరాలు అమరుస్తారు. పులి అటుగా వస్తే కెమెరా తనంతట తానే ఫోటో తీస్తుంది. ముందు ఫోటోలో పడిన పులి బొట్టు పెట్టిన గింజ వంటిది. తరువాతి ఫోటోలలో పాత పులులెన్ని, కొత్తవెన్ని అని చూస్తారు. 1990 తరువాతి సంవత్సరాలలో ఉల్లాస్ కారంత్ గారు కర్ణాటకలోని నాగరహోళె అడవిలో ఈ పద్ధతిని పులుల మీద ప్రయోగించి చూపారు.

అయితే అడవి కుండ కాదు. పులి అడవంతా కలియతిరగదు; తన పొలిమేరలో తాను తిరుగుతుంది. జింకలు మెండుగా వున్నచోట ఆ మేర చిన్నది, వేట దొరకనిచోట పెద్దది. కెమెరాలకు దూరంగా మసలే పులి ఫోటోలో పడడం అరుదు. కనుక ఏ పులి ఏయే కెమెరాలకు చిక్కిందో పటం మీద గుర్తించి, అది తిరిగే మేరను కూడా లెక్కలో కలుపుతారు.

గింజలు రెండవసారి తీస్తే 5 బొట్టువి రావచ్చు. అప్పుడు జవాబు 120. ఏడు వస్తే 86. అందుకే శాస్త్రజ్ఞులు ఒక్క అంకె చెప్పి వూరుకోరు. 2022 లెక్కలో మన దేశపు పులులు 3,167 నుండి 3,925 వరకు వుండవచ్చునన్నారు.

లెక్క తప్పితే ఏం పోయింది అనకండి. పూర్వం పులి పాదముద్రలను గాజుపలక మీద గీసి, వాటినిబట్టి లెక్కించేవారు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో ఆ లెక్కప్రకారం పులులు వున్నాయి. 2005లో గాలిస్తే ఒక్కటీ లేదు! దొంగవేటగాళ్ళు కాజేశారు. వున్నాయనుకున్నవాటిని ఎవరు వెతుకుతారు? చివరకు 2008లో రణథంభోర్ నుండి పులులను తెచ్చి అక్కడ వదలవలసి వచ్చింది.

ఇప్పుడు మీ కుండలోని గింజలన్నీ లెక్కపెట్టి, మీ జవాబు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. తరువాత సరిగా కలపకుండా పైపైన తీసి మళ్ళీ లెక్క కట్టండి. తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి.