మీకు తెలుసా? ఏడు శిఖరాలు, ఏడు వారాలు

ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు, వాటిలో ఏ రెండింటినీ ఒకే వారం నాడు ఎక్కలేదు!

2006 జనవరి 19, గురువారం నాడు అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టారు. ఆకాంకాగువా శుక్రవారం, కిలిమంజారో బుధవారం, ఆస్ట్రేలియాలోని కోసియస్కో శనివారం. ఎవరెస్ట్ మీద నిలబడింది మే 21, ఆదివారం. ఎల్‌బ్రస్ మంగళవారం, చివరికి జులై 10, సోమవారం నాడు అలాస్కాలోని డెనాలి. పాత క్యాలెండరు తీసి మీరే సరిచూసుకోవచ్చు.

మన శ్రీకాళహస్తిలో కన్నప్ప కొండ ఎక్కి గుడి గోపురాలను చూసేసరికే ఆయాసం వస్తుంది కదా! ఎవరెస్ట్ కొన మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఇక్కడి దానిలో దాదాపు మూడో వంతే. అక్కడ ఒక అడుగు వేసి, ఆగి, నాలుగైదుసార్లు ఊపిరి పీల్చుకుని, అప్పుడు ఇంకో అడుగు వేయాలి.

మస్తాన్ బాబుది సంగం మండలంలోని గాంధీజనసంఘం అనే చిన్న ఊరు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం దాటి కొండల దారి పట్టారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో కన్నుమూశారు.