ఒకే ఫైలు నుంచి ఎన్నో ఫంక్షన్లు

1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌కు సొంత మాడ్యూల్ పద్ధతి రావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. ఈలోగా, 2009లో వచ్చిన నోడ్ జేఎస్ ‘మాడ్యూల్ డాట్ ఎక్స్‌పోర్ట్స్’ అనే దారి చూపింది.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. కూడిక ఫంక్షన్‌ను దానికి అప్పగించి, కింది వరుసలో తీసివేతనూ అలాగే అప్పగిస్తారు. రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. బయటికి వెళ్లేది తీసివేత ఒక్కటే. అప్పగించిన చోట ఏ ఎర్రరూ రాదు, అందుకే వెతుకులాట. రెండింటినీ పేర్లతో ఒకే ఆబ్జెక్ట్‌లో పెట్టి ఒక్కసారే అప్పగించాలి.

2015 ప్రమాణంతో వచ్చిన జావాస్క్రిప్ట్ సొంత పద్ధతిలో ఈ చిక్కు లేదు. ప్రతి ఫంక్షన్ ముందూ ‘ఎక్స్‌పోర్ట్’ అని రాస్తే చాలు, ఎన్నైనా పంపవచ్చు. వాడుకునే ఫైలు ఫ్లవర్ బ్రాకెట్లలో కావలసిన పేర్లే అడుగుతుంది. ‘డిఫాల్ట్’ మాత్రం ఫైలుకు ఒక్కటే.

పెద్ద ప్రాజెక్టుల్లో పేర్లతో పంపడమే మేలు: పేరు తప్పు రాస్తే ప్రోగ్రామ్ మొదలవకముందే ఎర్రర్ చెప్పేస్తుంది.