అందరూ ఆధారపడే ఫైలు

లినక్స్ కంప్యూటర్‌లో ప్రోగ్రాము ఫైలు తెరవాలన్నా, మెమొరీ కావాలన్నా, తెర మీద ఒక్క అక్షరం చూపాలన్నా దాదాపు ప్రతిసారీ జీలిబ్‌సీ అనే లైబ్రరీనే అడుగుతుంది. 1987లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కోసం దీన్ని రాయడం మొదలుపెట్టిన రోలండ్ మెగ్రాత్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

1990ల తొలినాళ్లలో లినక్స్ బృందం దీని నకలు తీసుకుని వేరుగా పెంచింది. ఆ శాఖ లిబ్‌సీ5 దాకా వచ్చింది. ఈలోగా అసలు లైబ్రరీ ఉల్రిక్ డ్రెపర్ చేతుల్లో బలపడి 1997లో రెండో వెర్షన్‌గా రావడంతో లినక్స్ మళ్లీ దాని దగ్గరికే చేరింది. ఇళ్లలో లినక్స్ వాడేవారికి మాత్రం అది గడ్డుకాలం. పాత ప్రోగ్రాములకు పాత లైబ్రరీ, కొత్తవాటికి కొత్తది ఉండాలి. ఒకే ప్రోగ్రాములోకి రెండూ దూరితే అది కూలిపోయేది.

చేత్తో మార్చబోతే ఇంకా ప్రమాదం, నడుస్తున్న బండికి ఇరుసు మార్చినట్టే. లిబ్‌సీ.ఎస్ఓ.6 అన్నది 2021 దాకా ఒక లింకుగా ఉండేది. అది ఒక్కటి తెగితే చాలు, ఫైళ్లను చూపే, కాపీ చేసే ఆదేశాలతో పాటు ఆ లింకును తిరిగి కట్టే ఆదేశం కూడా పనిచేసేది కాదు. అవన్నీ నడిచేది ఆ లైబ్రరీ మీదే. అందుకే దేనిమీదా ఆధారపడని 'ఎస్‌ఎల్‌ఎన్' అనే చిన్న ప్రోగ్రామును జీలిబ్‌సీతోనే ఇస్తూ వచ్చారు. దాని పని లింకు కట్టడం.

పాత, కొత్త ప్రోగ్రాముల మధ్య వచ్చిన ఈ చిక్కుకు దొరికిన గొప్ప పరిష్కారం సింబల్ వెర్షనింగ్. 1999లో జీలిబ్‌సీ 2.1తో వచ్చింది. లైబ్రరీలోని ప్రతి ఫంక్షన్ పేరుకూ వెర్షన్ ముద్ర ఉంటుంది. ఫంక్షన్ తీరు మారినా పాత ప్రోగ్రాముకు పాత రూపమే అందుతుంది. దీని విలువ 2010లో బాగా తెలిసివచ్చింది. మెమొరీలో సమాచారాన్ని కాపీ చేసే 'మెమ్‌కాపీ'ని వేగం కోసం మార్చగానే ఫెడోరా 14 అనే లినక్స్ విడుదలలో ఫ్లాష్ ప్లేయర్ శబ్దం చెడిపోయింది. నిబంధన ప్రకారం తప్పు ఫ్లాష్‌దే. ఒకదానిమీదొకటి పడే మెమొరీ భాగాల మధ్య ఆ ఫంక్షన్‌ను వాడకూడదు. అయినా వాడేవాడికి నిబంధనతో పనిలేదని, నిన్నటిదాకా పనిచేసింది నేడూ పనిచేయాలని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వాదించాడు. నా దృష్టిలో ఆయనదే సరైన మాట. 2011లో వచ్చిన జీలిబ్‌సీ 2.14 కొత్త మెమ్‌కాపీకి కొత్త ముద్ర వేసి, పాత ముద్రతో అడిగేవాటికి క్షేమమైన రూపాన్నే ఉంచింది.

ఈ ఏర్పాటు ఒకవైపే పనిచేస్తుంది. పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీ మీద నడుస్తుంది. కొత్త యంత్రంలో తయారైనది పాత లైబ్రరీ మీద చాలాసార్లు నడవదు. 'జీలిబ్‌సీ_2.34 దొరకలేదు' అన్న సందేశం అక్కడినుంచే వస్తుంది.

అది కనిపిస్తే ఎక్కడినుంచో లైబ్రరీని దించుకుని పాతదాని మీద పెట్టకండి. మీ లినక్స్‌నే మొత్తంగా తర్వాతి విడుదలకు మార్చుకోండి. అది కుదరకపోతే, తన జీలిబ్‌సీని తనతోనే తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్ రూపంలో ఆ ప్రోగ్రాము దొరుకుతుందేమో చూడండి. ఏది చేసినా, ముందు మీ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.