బాతుల వలసదారిని గుర్తించే పద్ధతులు

శీతాకాలంలో మన కొల్లేరు, పులికాట్ సరస్సుల్లో కనిపించే సూదితోక బాతులు ఉత్తరాసియా నుంచి వస్తాయి. ఈ సంగతి ఎలా తెలిసింది? పక్షి కాలికి సంఖ్య చెక్కిన అల్యూమినియం కడియం తొడిగి వదిలేస్తారు. దీన్నే రింగింగ్ అంటారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో సలీం అలీ ఆధ్వర్యంలో ఈ పనిని పెద్దఎత్తున చేపట్టింది.

అయితే కడియం చెప్పేది రెండే చోట్లు: తొడిగినది, దొరికినది. అదీ అనేకసార్లు బాతు వేటగాడి చేతిలో చచ్చాకే! నడుమ ఏ చెరువులో దిగి మేసిందో తెలియదు. తెలియని చెరువును కాపాడటం ఎలా? అందుకే ఇప్పుడు వీపుకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ కడుతున్నారు. దాని బరువు పక్షి బరువులో 3 శాతం మించరాదన్నది సాధారణ నియమం. అంటే 900 గ్రాముల బాతుకు 27 గ్రాములే.

మీకు కడియమున్న చనిపోయిన పక్షి కనబడితే సంఖ్య, తేదీ, స్థలం రాసి, కడియంపై పేరున్న సంస్థకు తెలపండి. బతికున్న పక్షిదైతే ఊడదీయవద్దు.